పాట మొదలవగానే యాడ్ ఎందుకు గుర్తొస్తుంది?

పాశ్చాత్య స్వరకర్త మొజార్ట్ రాసిన 25వ సింఫనీ (పెద్ద వాద్యమేళం కోసం కొన్ని భాగాలుగా రాసే రచన) మొదటి భాగాన్ని ఇంట్లో ఎవరికైనా వినిపించి చూడండి. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం జోలికి ఎన్నడూ పోనివాళ్లు కూడా, నలభై దాటినవాళ్లయితే మరీనూ, కాసేపట్లోనే "ఇది టైటాన్ వాచీ మ్యూజిక్ కదా" అంటారు. మొజార్ట్ ఈ సింఫనీని 1773లో సాల్జ్‌బర్గ్ నగరంలో పూర్తి చేశాడు. అప్పటికి అతని వయసు 17 ఏళ్లు. టైటాన్ కంపెనీ మొదలైంది 1984లో. రెండు వందల ఏళ్ల తర్వాత పుట్టిన కంపెనీ, మన చెవులకు సంబంధించినంత వరకు, ఆ సంగీతానికి సొంతదారు అయిపోయింది.

ఇది ఎలా జరుగుతుంది? ఆ ట్యూన్ ఏం పోగొట్టుకుంటుంది? వినేవాళ్లకు ఏం మిగులుతుంది? ఇవి నింపాదిగా ఆలోచించదగ్గ ప్రశ్నలే. పాట వింటుంటే యాడ్ గుర్తు రావడం అందరికీ అనుభవమే కానీ, దాని కారణం ఎప్పుడూ ఒకటే కాదు. కొన్నిసార్లు ఆ పాటనే యాడ్‌లో వాడి ఉంటారు. కొన్నిసార్లు ఆ పాటను ఏ యాడ్‌లోనూ వాడి ఉండరు, అయినా వింటుంటే ఏదో యాడ్ చూస్తున్నట్టే ఉంటుంది. రెండోది కాస్త చిక్కుముడి. ముందు మొదటిదాని సంగతి చూద్దాం.

టైటాన్ వాచీలు బజారులోకి వచ్చేనాటికి మన దేశంలో వాచీ అంటే ఎక్కువమందికి హెచ్‌ఎంటీయే. రోజూ కీ ఇచ్చుకుని, టైము చూసుకునే పనిముట్టు అది. టైటాన్ తెచ్చినవి క్వార్ట్జ్ వాచీలు (బ్యాటరీతో నడిచేవి, కీ ఇవ్వనక్కర్లేనివి). వాచీని పనిముట్టుగా కాకుండా నగలాగా, బహుమతిలాగా అమ్మాలని కంపెనీ అనుకుంది. కంపెనీ మొదటి మేనేజింగ్ డైరెక్టర్ జర్క్సీస్ దేశాయ్. యాడ్ పని చూసింది ఒగిల్వీ ఏజెన్సీ. అక్కడి సురేష్ మల్లిక్ ఈ మొజార్ట్ ట్యూన్ ఎంచుకున్నాడు. 1988లో దూరదర్శన్‌లో వచ్చి దేశమంతా పాడుకున్న 'మిలే సుర్ మేరా తుమ్హారా' వెనక ఉన్నదీ ఈయనే. చెవికి ఏది పట్టుకుంటుందో బాగా తెలిసిన మనిషి.

ఆయన ఎంపికలో తెలివి ఎక్కడుందో తెలియాలంటే సింఫనీ మొదలయ్యే తీరు కొంచెం దగ్గరగా వినాలి. వయొలిన్లు ఒకే స్వరాన్ని పట్టుకుని గబగబా కొడతాయి. ఆ స్వరం తాళం దెబ్బ మీద పడదు, దెబ్బకీ దెబ్బకీ మధ్యన పడుతుంది. దీన్ని సింకోపేషన్ (స్వరాన్ని తాళం నుంచి ఎడంగా జరిపి వాయించడం) అంటారు. మన కచేరీల్లో అతీతం, అనాగతం అనే ఎడుపులు విన్నవాళ్లకు ఈ ఎడం ఇచ్చే తొందర తెలుసు. అదే సమయంలో ఒబో అనే ఊదే వాయిద్యాలు అవే స్వరాలను తాళం మీదే పొడుగ్గా పట్టుకుంటాయి. కింద వరుస నిలకడగా, పై వరుస ఉక్కిరిబిక్కిరిగా ఉంటుంది. వినిపించే మొదటి నాలుగు స్వరాలు మన లెక్కలో చెప్పాలంటే షడ్జమం, కింది పంచమం, ధైవతం, అక్కడినుంచి ఒక్క దూకుతో ఇంకా కిందున్న నిషాదం. కీరవాణి రాగం తెలిసిన చెవికి ఈ నాలుగూ పరాయివిగా అనిపించవు, ఎందుకంటే ఇవి కీరవాణి స్వరాలే. ఆ తర్వాత ట్యూన్ మెట్లెక్కినట్టు పైపైకి ఎగబాకుతుంది.

మొజార్ట్ రాసినవని ఖాయంగా తెలిసిన సింఫనీల్లో మైనర్ (దిగులు, ఆందోళన పలికే స్వరవరుస) శ్రుతిలో ఉన్నవి రెండే రెండు. అందులో ఇది మొదటిది. మామూలుగా రెండు హార్న్‌లు (లోహంతో చేసిన ఊదే వాయిద్యాలు) పెట్టే చోట ఇందులో నాలుగు పెట్టాడు. అంటే ఇది కుదురైన, మర్యాదైన సంగీతం కాదు. 17 ఏళ్ల కుర్రాడి గుండె దడ. 1984లో వచ్చిన 'అమేడియస్' సినిమా ఒక ముసలి సంగీతకారుడి ఆత్మహత్యా ప్రయత్నంతో మొదలవుతుంది, అక్కడ వాడింది ఈ సంగీతాన్నే. అదే సంగీతం టైటాన్ యాడ్‌లలోకి వచ్చేసరికి నెమ్మదించింది, మెత్తబడింది. దడ పోయి ఠీవి మిగిలింది. తర్వాత దశాబ్దాల్లో వాయిద్యాలు మారాయి, వేగం మారింది, కథలు మారాయి, ట్యూన్ మాత్రం మారలేదు.

ఇక్కడ చూడాల్సిన సంగతి ఒకటుంది. యాడ్ ఏ సంగీతాన్నీ మొత్తంగా తీసుకోదు. ఒక ముక్క కత్తిరించుకుంటుంది. ఆ ముక్క ఎక్కడ ఆగుతుందో అక్కడ వస్తువు బొమ్మ, కంపెనీ పేరు పెడుతుంది. మన జ్ఞాపకం కూడా సరిగ్గా అక్కడే ఆగడం నేర్చుకుంటుంది. నా దృష్టిలో యాడ్ వల్ల సంగీతానికి జరిగే అసలు నష్టం ఇదే. ట్యూన్ చెడిపోదు, ఎవరూ దాన్ని పాడు చేయరు. దాని తర్వాతి భాగం వినిపించడం మానేస్తుంది, అంతే.

ఎందుకలా? మనం ట్యూన్‌ని విడివిడి స్వరాలుగా గుర్తుపెట్టుకోం. వరుసగా గుర్తుపెట్టుకుంటాం. ఒక స్వరం వినగానే మెదడు తర్వాతి స్వరాన్ని ముందే ఊహిస్తుంది. అందుకే తెలిసిన పాటను మధ్యలో ఆపేస్తే మిగతాది మన లోపల కాసేపు నడుస్తూనే ఉంటుంది. అంత్యాక్షరి ఆడేటప్పుడు పల్లవి మొదటినుంచి అందుకుంటే గానీ చరణం గుర్తు రాకపోవడం కూడా ఇందుకే. ఒక యాడ్‌ని వందలసార్లు చూసినప్పుడు ఈ వరుసలో స్వరం తర్వాత స్వరం మాత్రమే కాదు, స్వరాల తర్వాత వాచీ, వాచీ తర్వాత పేరు కూడా చేరిపోతాయి. మెదడు దృష్టిలో అదంతా ఒకే వరుస. మొదటి కొస లాగితే చివరి కొస వస్తుంది.

ఆ మొదటి కొస కూడా ఎంత చిన్నదైనా చాలు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త కెరోల్ క్రుమ్‌హాన్సెల్ 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. పేరున్న పాటల నుంచి 0.4 సెకన్ల ముక్కలు కోసి విద్యార్థులకు వినిపించారు. అర సెకను కూడా లేని ఆ ముక్కతోనే నాలుగో వంతుకు పైగా సందర్భాల్లో పాట పేరు, పాడినవాళ్ల పేరు రెండూ సరిగ్గా చెప్పారు. అంత తక్కువ సమయంలో ట్యూన్ ఏదో తేలేంత వ్యవధే ఉండదు. అక్కడ పనిచేసేది టింబర్ (నాదం రంగు, గొంతును గొంతుగా, వీణను వీణగా తెలియజేసే గుణం). పాట ఫలానాది అని తెలియకముందే అది ఎలాంటి శబ్దమో మనకు తెలిసిపోతుంది. ఈ విషయం మళ్లీ అవసరపడుతుంది, గుర్తుంచుకోండి.

ఇక పునరావృతం. దూరదర్శన్ 1976 జనవరి 1 నుంచి వ్యాపార ప్రకటనలు తీసుకోవడం మొదలుపెట్టింది. 1980లలో చాలా తెలుగు ఇళ్లకు అదొక్కటే ఛానెల్. శుక్రవారం చిత్రలహరికి, 1987 నుంచి ఆదివారం పొద్దున రామాయణానికి ఊరంతా టీవీ ఉన్న ఇంటికి చేరేది. యాడ్ వస్తే మార్చడానికి ఇంకో ఛానెల్ లేదు. లేచి వెళ్తే కూర్చున్న చోటు పోతుంది. కనుక లిరిల్, నిర్మా, బజాజ్, టైటాన్ ట్యూన్లు ఒక తరం మొత్తానికి ఒకే లెక్కలో, ఒకే వేళకి చెవిన పడ్డాయి. ఇవాళ ఒక ఇంట్లో నలుగురూ నాలుగు ఫోన్లలో నాలుగు రకాల యాడ్‌లు చూస్తున్నారు. అప్పటిలాగా ఒకే ట్యూన్ అందరికీ ఉమ్మడి జ్ఞాపకం కావడం ఇప్పుడు కష్టం. పాత యాడ్‌ల సంగీతం అంటే మనకుండే ప్రేమలో చాలా భాగం ఈ ఉమ్మడితనానిదే అని నాకు అనిపిస్తుంది.

అయితే ట్యూన్ గుర్తుంటే సరుకు కొంటామా? 1982లో జెరాల్డ్ గోర్న్ అనే పరిశోధకుడు దీన్ని పరీక్షించాడు. విద్యార్థులకు ఒక పెన్ను బొమ్మ చూపిస్తూ వెనక సంగీతం వినిపించాడు. కొందరికి అప్పట్లో అమెరికాలో ఊపేసిన 'గ్రీస్' సినిమా సంగీతం. కొందరికి వాళ్లకు నచ్చదని ముందే తేల్చుకున్న సంగీతం. ఆ నచ్చని సంగీతం ఏమిటో తెలుసా? భారతీయ శాస్త్రీయ సంగీతం. వెళ్లేటప్పుడు లేత నీలం, లేత గోధుమ రంగు పెన్నుల్లో ఒకటి తీసుకోమన్నారు. నచ్చిన సంగీతంతో చూసినవాళ్లలో 79 శాతం మంది తెరమీద చూసిన రంగు పెన్నే తీసుకున్నారు. మన సంగీతంతో చూసినవాళ్లలో 30 శాతమే ఆ రంగు తీసుకున్నారు. ఆ లెక్క మనకు బాధగా అనిపించవచ్చు కానీ, అది మన సంగీతం విలువకు కొలత కాదు. చిన్నప్పటి నుంచి వినని చెవికి ఏ సంగీతమైనా అలాగే ఉంటుంది.

ఈ ప్రయోగం ఏళ్ల తరబడి పాఠ్యపుస్తకాల్లో నిలిచింది. కానీ 1989లో కెల్లారిస్, కాక్స్ అనే ఇద్దరు ఇదే ప్రయోగాన్ని మరింత జాగ్రత్తగా చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. కనుక సంగీతం వినిపించగానే జనం కీలుబొమ్మల్లా కొంటారన్న మాట నమ్మనక్కర్లేదు. ట్యూన్ చేయగలిగింది గుర్తు చేయడం. దుకాణంలో పది పేర్లు ఎదురుగా ఉన్నప్పుడు ముందు గుర్తొచ్చిన పేరుకు ఒక అడుగు ముందంజ ఉంటుంది. కంపెనీలు డబ్బు పెట్టేది ఆ ఒక్క అడుగు కోసమే.

అన్ని ట్యూన్లూ ఇలా చిక్కవు. ఇది నాకు చాలా ఆసక్తికరమైన విషయం. ఆకాశవాణి ప్రసారాలు మొదలయ్యే ముందు వచ్చే సంకేత సంగీతం తీసుకోండి. 1930లలో బొంబాయి కేంద్రంలో పనిచేసిన వాల్టర్ కాఫ్‌మన్ అనే యూరప్ సంగీతకారుడు దాన్ని శివరంజని రాగంలో కట్టాడు. తెల్లవారుజామున దాన్ని విన్న ఇళ్లు తెలుగునాట లెక్కలేనన్ని. ఆ ట్యూన్ వినగానే ఆకాశవాణే గుర్తొస్తుంది. కానీ శివరంజని రాగం వినగానే ఆకాశవాణి గుర్తు రాదు. రమేష్ నాయుడు సంగీతం కూర్చిన 1978 నాటి 'శివరంజని' సినిమా గుర్తు రావచ్చు, ఏదో భజన గుర్తు రావచ్చు, దుఃఖ సన్నివేశం గుర్తు రావచ్చు. ఆ రాగానికి మన జ్ఞాపకంలో వంద దారులున్నాయి. ఏ ఒక్కటీ దాన్ని పూర్తిగా ఆక్రమించుకోలేదు.

దీనికి మనస్తత్వ శాస్త్రంలో ఫ్యాన్ ఎఫెక్ట్ (ఒక గుర్తుకు ఎన్ని ఎక్కువ సంగతులు తగులుకుంటే, వాటిలో ఒక్కోటీ గుర్తు రావడం అంత ఆలస్యమవడం) అని పేరు. జాన్ ఆండర్సన్ 1974లో దీన్ని వివరించాడు. మొజార్ట్ సింఫనీ మన ఇళ్లలో ఇంకెక్కడా వినిపించలేదు. కచేరీలో లేదు, గుళ్లో లేదు, పెళ్లిలో లేదు. దానికి ఉన్నది ఒకటే దారి, ఆ దారి టైటాన్ షోరూముకి పోతుంది. పాశ్చాత్య సంగీతపు ముక్కలు మన దేశంలో యాడ్‌లకు అంత తేలిగ్గా చిక్కడానికి కారణం ఇదే. మనకు వాటితో మరో పరిచయం లేదు.

ఈ ముచ్చట మనకొక్కరికే పరిమితం కాదు. చెక్ దేశానికి చెందిన ద్వోర్జాక్ 1893లో న్యూయార్క్‌లో ఉండగా రాసిన 'న్యూ వరల్డ్' సింఫనీలో నెమ్మదిగా సాగే ఒక భాగం ఉంది. 1973లో బ్రిటన్‌లో హోవిస్ అనే బ్రెడ్డు కంపెనీ దాన్ని యాడ్‌లో వాడింది. తీసినవాడు, తర్వాత హాలీవుడ్‌లో పెద్ద దర్శకుడైన రిడ్లీ స్కాట్. ఒక కుర్రాడు బ్రెడ్డు బుట్ట ఉన్న సైకిలుని రాళ్లు పరిచిన ఎత్తైన వీధిలో తోసుకుంటూ పోతాడు, అంతే యాడ్. ఆ వీధి దక్షిణ ఇంగ్లండులోని షాఫ్ట్స్‌బరీ అనే ఊళ్లోది. కానీ వెనక వినిపించేది ఉత్తర ఇంగ్లండు బ్రాస్ బ్యాండ్ (లోహపు ఊదే వాయిద్యాల మేళం) బాణీ కావడంతో జనం అది ఉత్తరాది ఊరనే అనుకున్నారు. అమెరికాలో కూర్చుని చెక్ మనిషి రాసిన సంగీతం అలా ఇంగ్లండు పల్లె సొంత పాట అయిపోయింది. ఇప్పటికీ అక్కడ చాలామంది దాన్ని హోవిస్ మ్యూజిక్ అనే అంటారు.

డెలీబ్ అనే ఫ్రెంచి స్వరకర్త 1883లో 'లక్మే' అనే ఒపేరా (పాటలతో నడిచే నాటకం) కట్టాడు. కథ జరిగేది మన దేశంలో. అందులో ఇద్దరు ఆడవాళ్లు నది ఒడ్డున పూలు కోస్తూ కలిసి పాడే పాట 1980ల చివర్లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ యాడ్‌లకెక్కింది. అక్కడివాళ్లకు ఆ పాట వింటే విమానం గుర్తొస్తుంది. మన దగ్గర టాటాలు 1952లో మొదలుపెట్టిన సౌందర్య సాధనాల కంపెనీకి ఆ ఒపేరా పేరే పెట్టారు. పేరు మన అద్దాల ముందు రోజూ ఉంది, పాట మాత్రం మనకు తెలియదు. నోకియా ఫోన్ రింగ్‌టోన్ సంగతీ ఇంతే. స్పెయిన్ గిటారు విద్వాంసుడు ఫ్రాన్సిస్కో తారెగా రాసిన 'గ్రాన్ వాల్స్' నుంచి తీసిన 13 స్వరాల ముక్క అది. ఇవాళ ఎవరైనా గిటారు మీద ఆ రచన వాయిస్తుంటే ఆ ముక్క దగ్గరకు రాగానే సభలో నవ్వులు వినిపిస్తాయి.

యాడ్‌వాళ్లు పాత శాస్త్రీయ రచనల వెంట పడటానికి డబ్బు కారణం కూడా ఉంది. మన కాపీరైట్ చట్టం ప్రకారం స్వరకర్త చనిపోయిన తర్వాత 60 ఏళ్ల దాకా రచన మీద హక్కు ఉంటుంది. మొజార్ట్ 1791లో పోయాడు. అతని రచనను ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. అయితే ఎవరో చేసిన రికార్డింగు మీద విడిగా హక్కు ఉంటుంది కాబట్టి, కంపెనీలు కొత్తగా వాయించి రికార్డు చేయించుకుంటాయి.

ఇప్పుడు రెండో చిక్కుకి వద్దాం. ఏ యాడ్‌లోనూ లేని పాట యాడ్‌లా ఎందుకు వినిపిస్తుంది?

దీనికి జవాబు ఎడిటింగ్ గదిలో ఉంది. యాడ్ ఫిల్ము తీశాక, దాన్ని కూర్చేటప్పుడు దర్శకుడు ఊపు కోసం ఏదో పేరున్న పాటను కింద వేసుకుంటాడు. దీన్ని రిఫరెన్స్ ట్రాక్ (నమూనాగా తాత్కాలికంగా వేసుకునే పాట) అంటారు. ఆ పాట మీదే కట్‌లు పడతాయి. కంపెనీవాళ్లకు చూపించేదీ ఆ పాటతోనే. నాలుగుసార్లు చూసేసరికి అందరి చెవులకూ అది అలవాటైపోతుంది. తీరా ఆ పాట హక్కులు కొనబోతే ధర అందదు. అప్పుడు స్వరకర్తను పిలిచి, "ఇలాంటిదే కావాలి, ఇది మాత్రం కాకూడదు" అంటారు. అతను అదే వేగం, అవే వాయిద్యాలు, అదే ఊపు పెట్టి ట్యూన్ ఒక్కటి మారుస్తాడు. ఇలా తయారైనదాన్ని సౌండ్‌అలైక్ (పోలిక పాట) అంటారు. ట్యూన్ కంటే ముందు నాదం రంగే మనకు తగులుతుందని పైన చెప్పుకున్నాం కదా, పోలిక పాట బతికేది దాని మీదే.

ఈ పద్ధతి ఒక్కోసారి కోర్టుకి కూడా ఎక్కింది. అమెరికాలో ఫోర్డ్ కార్ల యాడ్ కోసం గాయని బెట్ మిడ్లర్‌ని పాడమని అడిగారు. ఆమె ఒప్పుకోలేదు. ఆమె వెనక కోరస్ పాడిన గాయనిని పిలిచి, అచ్చం మిడ్లర్‌లాగా పాడించారు. పాట హక్కులు సక్రమంగానే కొన్నారు, గొంతుని మాత్రం అనుకరించారు. 1988లో అప్పీళ్ల కోర్టు మిడ్లర్ వైపు నిలబడింది. పేరున్న గాయకుల గొంతుని సరుకు అమ్మడానికి కావాలని అనుకరించడం తప్పు అంది. తర్వాత జ్యూరీ ఆమెకు 4 లక్షల డాలర్లు ఇప్పించింది. గొంతు అంటే మనిషే అని ఒక న్యాయస్థానం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఎవరి గొంతునైనా కంప్యూటరు పలికించగల ఈ రోజుల్లో ఆ తీర్పు ఇంకా అవసరమైనది.

గొంతుకి రక్షణ ఉంది కానీ శైలికి లేదు. వేగం, వాయిద్యాల కలగలుపు, చప్పట్ల ఊపు వంటివి ఎవరి ఆస్తీ కావు. 2000 తర్వాత పదేళ్లకు పైగా ఏం జరిగిందో చూడండి. ఉకులేలే అనే చిన్న తంత్రీ వాయిద్యం, చప్పట్లు, ఈల, గంటల్లా మోగే గ్లాకెన్‌స్పీల్, నలుగురు కలిసి అనే "హే". ఇవి మొదట కొన్ని చిన్న బ్యాండ్ల పాటల్లో వచ్చాయి. అవి యాడ్‌వాళ్లకు నచ్చాయి. పోలిక పాటలు పుట్టాయి. స్టాక్ మ్యూజిక్ (ముందే తయారుచేసి ఎవరికైనా అద్దెకిచ్చే సంగీతం) అమ్మే సంస్థల దగ్గర అవి కుప్పలుగా చేరాయి. బ్యాంకు, బీమా, చంటిపిల్లల సబ్బు, ఫోన్ కంపెనీ, అన్నిటికీ అదే. ఇప్పుడు ఒక కుర్రాడు తన గదిలో నిజాయితీగా ఉకులేలే పట్టుకుని సొంత పాట పాడినా, వినేవాళ్లకు బీమా పాలసీ గుర్తొస్తుంది. అతని తప్పేమీ లేదు. అతను వాడిన రంగులన్నిటినీ అతనికంటే ముందే ఎవరో సరుకులకు పూసేశారు.

పోలిక ఇంకో వైపు నుంచీ వస్తోంది. యాడ్ సంగీతానికి ఉన్న కట్టుబాట్లే ఇప్పుడు పాటలకూ వచ్చాయి. యూట్యూబ్‌లో 5 సెకన్ల తర్వాత యాడ్‌ని దాటేయవచ్చు. స్పాటిఫైలో పాటను కనీసం 30 సెకన్లు వింటేనే అది విన్నట్టు లెక్కలోకి వస్తుంది, డబ్బు వస్తుంది. రీల్స్‌లో పాటకు తరచుగా దొరికే చోటు కొద్ది సెకన్లే. అంటే పాట కూడా, ఒకప్పటి యాడ్‌లాగే, మొదటి క్షణంలోనే పట్టుకోవాలి. ఓహియో స్టేట్ విశ్వవిద్యాలయంలో హ్యూబర్ట్ లెవెయె గోవాన్ అనే పరిశోధకుడు 1986 నుంచి 2015 దాకా అమెరికాలో పైస్థాయికి చేరిన పాటలను కొలిచాడు. 1980ల మధ్యలో గొంతు వినిపించే ముందు సగటున 20 సెకన్లకు పైగా వాయిద్యాలే ఉండేవి. 2015 నాటికి అది 5 సెకన్లకు పడిపోయింది. మన సినిమా పాటల్లో పల్లవికి ముందు వయొలిన్ల గుంపు తీరుబడిగా వచ్చి వెళ్లే చోటు కూడా తగ్గుతోందని, వింటున్న ఎవరికైనా తెలుస్తూనే ఉంది.

అలాగని యాడ్ సంగీతాన్ని తక్కువ చేసి మాట్లాడటం సరికాదు. అది గట్టి బడి. ఎ.ఆర్. రెహమాన్ చదువుకున్న బడి అదే. ఆయన తొలినాళ్ల జింగిల్స్‌లో (యాడ్ కోసం కట్టే చిన్న పాటలు) ఒకటి మన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ తెచ్చిన ట్రెండీ వాచీలది, 1987 నాటిది. అదే కాలంలో బజారులో ఉన్న మరో వాచీకి మొజార్ట్ పనిచేస్తుంటే, ఈ వాచీకి ఇరవై ఏళ్ల కుర్రాడు పనిచేశాడు. అక్కడినుంచి 1992లో 'రోజా' దాకా ఆయన వందలాది జింగిల్స్ కట్టాడు. అర నిమిషంలో ఒక భావం నిలబెట్టాలి, ఒక్క వాయిద్యమూ వృథా పోకూడదు, వాయిద్యాలు విడివిడిగా తేటగా వినబడాలి. 'రోజా' పాటలు వచ్చినప్పుడు దక్షిణాది చెవులు ఉలిక్కిపడటానికి ఈ శిక్షణ పెద్ద కారణం. 2002లో ఆయనే ఎయిర్‌టెల్‌కి ట్యూన్ కట్టాడు. రెహమాన్ పాట వింటుంటే ఏదో యాడ్ గుర్తొచ్చిందంటే, చాలాసార్లు అది అనుకరణ కాదు, రెండు చోట్లా పనిచేసింది ఒకే చెయ్యి.

యాడ్ వల్ల పాటకు మేలు జరిగిన సందర్భాలూ ఉన్నాయి. ఇంగ్లండుకు చెందిన నిక్ డ్రేక్ 1972లో 'పింక్ మూన్' అనే ఆల్బమ్ చేశాడు. ఎవరూ పెద్దగా కొనలేదు. 1974లో 26 ఏళ్లకే చనిపోయాడు. 1999లో ఫోక్స్‌వ్యాగన్ కారు యాడ్‌లో ఆ ఆల్బమ్ పాట వాడారు. బతికినన్నాళ్లూ దొరకని శ్రోతలు పోయిన పాతికేళ్లకు దొరికారు, అతని రికార్డులు బాగా అమ్ముడుపోయాయి. అక్కడ తేడా ఏమిటంటే, ఆ యాడ్ పాటను పాటలాగే ఉండనిచ్చింది. మాటలు మార్చలేదు, వేగం మార్చలేదు. చూసినవాళ్లు ఈ పాడింది ఎవరు అని వెతుక్కుంటూ వెళ్లారు. దారి యాడ్ దగ్గర ఆగలేదు.

చట్టం మాత్రం ట్యూన్లను కంపెనీలకు మరింత గట్టిగా కట్టే వైపు నడుస్తోంది. 2017 ట్రేడ్ మార్క్స్ నిబంధనల ప్రకారం మన దేశంలో శబ్దాన్ని కూడా ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేసుకోవచ్చు. 30 సెకన్లకు మించని ఎంపీ3 ఫైలు ఇవ్వాలి, స్వరలిపి ఇవ్వాలి. ఐసీఐసీఐ బ్యాంకు ట్యూన్ అలా నమోదైనదే. మూడు నాలుగు స్వరాల చిన్న ట్యూన్లు ఇలా ఒక్కొక్కటిగా నమోదవుతూ పోతే రేపటి స్వరకర్తలకు ఎంత చోటు మిగులుతుందన్నది అడగాల్సిన ప్రశ్నే. ఇప్పటికి రచన మీద హక్కు వేరు, వ్యాపార చిహ్నం మీద హక్కు వేరు కాబట్టి, పాటలో ఆ స్వరాలు వచ్చినంత మాత్రాన ఎవరూ దావా గెలవలేరు. సరుకు అమ్మడానికి వాడితేనే తగువు.

మరి ఒకసారి యాడ్‌కి అతుక్కున్న ట్యూన్‌ని వినేవాళ్లు విడిపించుకోగలరా? పూర్తిగా చెరిపేయడం సాధ్యం కాదు. జ్ఞాపకాల మీద జరిగిన పరిశోధన చెప్పేది ఏమిటంటే, పాత బంధం ఎక్కడికీ పోదు, దాని పక్కన కొత్త బంధాలు వేయగలం. శివరంజనికి వంద దారులు ఉన్నట్టే, మొజార్ట్‌కి కూడా మన చెవిలో రెండో దారి, మూడో దారి వేసుకోవచ్చు. ఆ దారులు పెరిగేకొద్దీ వాచీ గుర్తొచ్చే వేగం తగ్గుతుంది.

అందుకు ఒక చిన్న ఉపాయం పనికొస్తుంది. 25వ సింఫనీని మొదటి నుంచి వినకండి. మొదటి భాగం దగ్గర మొదలుపెడితే టైటాన్ వచ్చి కూర్చుంటుంది. మూడో భాగం పెట్టండి. అది మినుయెట్ (మూడు దెబ్బల తాళంలో నడిచే నాట్య సంగీతం). ముందు తంత్రీ వాయిద్యాలన్నీ కలిసి బరువుగా, కాస్త కోపంగా నడుస్తాయి. కాసేపటికి అవన్నీ ఆగిపోయి, ఒబోలు, బసూన్‌లు, హార్న్‌లు మాత్రమే మిగులుతాయి. అంటే అన్నీ ఊపిరితో వాయించేవే, ఒక్క వయొలిన్ కూడా ఉండదు. శ్రుతి కూడా మైనర్ వదిలి మేజర్‌లోకి, మన లెక్కలో శంకరాభరణం స్వరాల్లోకి మారుతుంది. ఈ భాగాన్ని రెండు మూడు రోజులు విన్నాక రెండో భాగానికి వెళ్లండి. అక్కడ వయొలిన్లకు మ్యూట్ (నాదాన్ని అణిచే చిన్న బిగింపు) పెట్టి వాయిస్తారు. వయొలిన్లు చిన్న పలుకు పలికితే బసూన్‌లు దాన్ని తిరిగి చెబుతాయి. ఆ తర్వాత నాలుగోది వినండి. మొదటి భాగాన్ని ఆఖరున వినండి. అప్పుడు ఆ దడ యాడ్ ముక్క దాటి ఎటు పోతుందో, మధ్యలో ఎక్కడ కాసేపు తేరుకుంటుందో, మళ్లీ ఎందుకు మొదటికొస్తుందో వినబడుతుంది. మొత్తం కలిపి సుమారు 25 నిమిషాలు.